నెపం నెత్తురు మీదికి నెట్టడం ఎలా?

ఎక్కడో ఒక జాతి జనం అన్నం ముద్ద గొంతు దిగక చనిపోతున్నారు. అదే తీరంలో ఇంకాస్త అవతల ఉండేవాళ్ళకి ఆ గొడవ అంతగా లేదు. ఎందుకంటారు అని ఎవరో మిమ్మల్ని అడిగారనుకోండి. మీకు తెలీదు. తెలీదని చెప్పేస్తే పెళ్ళి పందిట్లో మీ పక్క కుర్చీ ఖాళీ అయిపోతుంది. అలాంటి సమయాలకి పనికొస్తాయని ఈ చిట్కాలు రాస్తున్నాను. నేను ఏళ్ళ తరబడి రైళ్ళలో, లిఫ్టుల్లో, పదకొండో రోజు భోజనాల్లో ఇలాంటి ప్రశ్నలన్నిటికీ ఒకే జవాబు చెప్పి నెగ్గుకొస్తున్నవాణ్ణి. ఆ జవాబు: “జీన్స్ అండీ, జీన్స్.”

ఈ మాటలో ఉన్న సుఖం ఇంకే మాటలోనూ లేదు. పేదరికం అన్నారనుకోండి, దానికి బాధ్యులెవరని అడుగుతారు. నీళ్ళు అన్నారనుకోండి, మరి కుళాయి ఎందుకు వెయ్యలేదంటారు. మందు అన్నారనుకోండి, మీ చేతిలో గ్లాసు వైపు చూస్తారు. జీన్స్ అంటే ఎవరూ ఎవరి వైపూ చూడరు. పోయిన వాళ్ళ తాతముత్తాతల వైపు చూస్తారు. వాళ్ళెలాగూ లేచి వచ్చి జవాబు చెప్పరు.

అయితే ఊరికే అనేస్తే నిలబడదు, కొంత సాధన కావాలి. సాధనకి అన్నవాహిక క్యాన్సర్‌ని మించిన జబ్బు లేదు. ఊరిని బట్టీ, జాతిని బట్టీ ఇంతలేసి తేడాలు చూపించే క్యాన్సర్లు తక్కువ. దీని మీద చెయ్యి తిరిగిందంటే మిగతావన్నీ మంచినీళ్ళ ప్రాయం.

ముఖాలు చూడండి, కెటిల్ చూడకండి

కాస్పియన్ సముద్రానికి ఆగ్నేయపు మూలన, ఇరాన్‌లో గోలెస్తాన్ అని ఒక రాష్ట్రం ఉంది. గోన్‌బద్ పట్టణం చుట్టూ, అటు తుర్క్‌మెనిస్తాన్ సరిహద్దు దాకా పరుచుకున్న మైదానాల్లో తుర్క్‌మెన్లు ఉంటారు. ఇరాన్ మొత్తం మీద వాళ్ళు కొద్దిమందే. భాష వేరు, షియాల దేశంలో వాళ్ళు సున్నీలు. 1970ల మొదట్లో అక్కడ క్యాన్సర్ లెక్కలు తీసినవాళ్ళు నిర్ఘాంతపోయారు. కొన్ని చోట్ల ఏటా లక్షమందిలో వందమందికి పైగా అన్నవాహిక క్యాన్సర్. అదీ ఆడవాళ్ళలో మగవాళ్ళకి ఏమాత్రం తీసిపోకుండా, కొన్నిచోట్ల వాళ్ళని మించి. అదే సముద్రపు ఒడ్డు పట్టుకుని పడమటికి, గీలాన్ వైపు పోతే, ఆడవాళ్ళలో ఆ లెక్క పదోవంతుకన్నా కిందికి పడిపోతుంది. ఒకటే సముద్రం, ఒకటే దేశం.

ఇక్కడ అనుభవం లేనివాడైతే నేల, నీరు, తిండి అంటూ తవ్వుకుంటూ పోతాడు. మీరు ముఖాల దగ్గరే ఆగిపోవాలి. వాళ్ళు వేరే జాతి, జబ్బు వాళ్ళకే ఎక్కువ, సరిపోయింది. ఈ రెండు మాటల మధ్య ఇంకో మాట దూరనివ్వకూడదు. ముఖ్యంగా టీ మాట.

ఎందుకంటే అక్కడ టీ తాగే పద్ధతి మన జవాబుకి పుట్టు శత్రువు. దాదాపు అందరూ నల్ల టీ తాగుతారు. మనిషికి సగటున రోజుకి లీటరు పైమాటే. కొందరు కెటిల్లోంచి కప్పులోకి పడ్డ టీని రెండు నిమిషాలైనా ఆగనివ్వకుండా గొంతులో పోసుకుంటారు. ఆ సంగతి పట్టుకున్న పరిశోధకులు 2009లో ఒక లెక్క బయటపెట్టారు. జబ్బు వచ్చినవాళ్ళు 300 మందిని, రానివాళ్ళు 571 మందిని పక్కపక్కన పెట్టి చూస్తే, గోరువెచ్చగానో వెచ్చగానో తాగేవాళ్ళకంటే వేడిగా తాగేవాళ్ళకి ప్రమాదం రెండు రెట్లు, మరీ పొగలు కక్కుతుండగా తాగేవాళ్ళకి ఎనిమిది రెట్లు తేలింది. నాలుగు నిమిషాలు ఆగి తాగేవాళ్ళకంటే రెండు నిమిషాల్లోపే తాగేసేవాళ్ళకి ఐదు రెట్ల పైన.

“వేడి అంటే ఎంత వేడండీ? ఒకడికి వేడి ఇంకొకడికి చల్లన” అని కొట్టిపారేద్దామనుకుంటున్నారు కదా. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ దారి ముందే మూసేశారు. 2004 నుంచి 2008 దాకా అదే గోలెస్తాన్‌లో 50,045 మందిని చేర్చుకుని ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. అందులో టీ వేడిని నోటి మాట మీద నమ్మలేదు పాపిష్టివాళ్ళు. ఒకే కెటిల్లోంచి రెండు కప్పులు పోశారు. ఒకదాంట్లో థర్మామీటర్ ముంచారు. అది 75 డిగ్రీలకి దిగగానే రెండో కప్పు చేతికిచ్చి ఒక గుక్క తాగి చూడమన్నారు. ఇంట్లో మీరు తాగేది ఇంత వేడిగానేనా? కాదంటే ఇంకో 5 డిగ్రీలు దిగేదాకా కూర్చుని మళ్ళీ ఒక గుక్క. అలా దిగుతూ దిగుతూ, “ఆ, ఇదీ మా ఇంటి టీ” అనేదాకా వదల్లేదు. వేడి అన్న మాటని మనం ఎటు కావాలంటే అటు వంచుకోవచ్చు. డిగ్రీలు వంగవు. పదేళ్ళకి పైగా వాళ్ళని గమనించాక 2020లో చెప్పింది ఇదీ: రోజుకి 700 మిల్లీలీటర్లకి తగ్గకుండా, 60 డిగ్రీలో అంతకంటే ఎక్కువో వేడి మీద టీ తాగేవాళ్ళకి, తక్కువ టీ చల్లార్చి తాగేవాళ్ళకంటే ప్రమాదం 90 శాతం ఎక్కువ.

అంతకు ముందే, 2016లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలన్నిటినీ ‘బహుశా క్యాన్సర్ కారకాలు’ అనే వరసలో చేర్చింది. ఆకుతో గొడవ లేదు, కాఫీ గింజతో గొడవ లేదు, సెగతోనే గొడవ అంది. ఏ జాతివాడి గొంతుకైనా సెగ సెగే కాబట్టి ఈ వాక్యం మనకి బొత్తిగా పనికిరాదు. మన ఇరానీ హోటళ్ళలో కొందరు పెద్దాయనలు టీని సాసర్లోకి ఒంపుకుని, ఊదుకుంటూ, అంచు దగ్గర జుర్రుమనిపిస్తూ తాగేవాళ్ళు. కుర్రకారు మూతులు తిప్పేది. ఆ మూతి తిప్పడాన్ని ప్రోత్సహించండి. సాసరు అనేది జీన్స్ వాదానికి చేటు.

గోలెస్తాన్‌లో ఇంకా పిచ్చిమొక్కలు చాలా ఉన్నాయి. అధ్యయనంలో చేరినవాళ్ళలో 17 శాతం మంది నల్లమందు వాడినవాళ్ళు. నల్లమందు క్యాన్సర్ తెస్తుందని అదే అంతర్జాతీయ సంస్థ 2020లో తేల్చేసింది. సున్నం, బూడిద కలిపిన ‘నాస్’ అనే పొగాకు నమిలేవాళ్ళున్నారు. ఇంట్లో పొయ్యి పొగ, ఊడిన పళ్ళు, పళ్ళెంలో కనిపించని కూరగాయలు, కుళాయి లేకపోవడం, చదువు లేకపోవడం. సిగరెట్లు, మద్యం మాత్రం అక్కడి కథలో పెద్ద పాత్రలు కావు, ఆడవాళ్ళ విషయంలో మరీను. ఇవన్నీ చెప్పుకుంటూ పోతే వినేవాడు ‘అయితే ఆ జనానికి మంచి రోడ్డూ, ఆస్పత్రీ, మంచినీళ్ళూ ఇవ్వాల్సిందన్నమాట’ అంటాడు. అక్కడితో మీ పరువు పోయినట్టే.

అంకెల్ని ఒంటరిగా చూపించండి

జన్యువు పేరెత్తాక ఒక అంకె కూడా చెప్పాలి, లేకపోతే గాలి కబురు అంటారు. దొరక్కపోలేదు. 2010లో చైనాలో పెద్ద ఎత్తున జన్యుపటాలు జల్లెడ పట్టి, పదో క్రోమోజోమ్ మీద పీఎల్‌సీఈ1 అనే జన్యువులో ఒక్క అక్షరం తేడా ఉన్నవాళ్ళకి ఈ క్యాన్సర్ ఎక్కువని కనిపెట్టారు. షిన్‌జియాంగ్‌లో ఉండే ఉయ్‌ఘుర్, కజఖ్ జనంలో ఆ తేడా వల్ల పెరిగే ప్రమాదం 1.53 రెట్లు. చైనాలోని జాతులన్నిట్లో కజఖ్‌లకే ఈ జబ్బు పీడ ఎక్కువని 1970ల లెక్కల నుంచీ చెప్తున్నారు కాబట్టి, ఈ అంకె మనకి దేవుడిచ్చిన వరం. “చూశారా, వాళ్ళ రక్తంలోనే ఉంది” అని బల్ల మీద చెయ్యి వెయ్యండి.

ఆ కాగితంలోనే, ఆ పక్కనే, ఇంకో అంకె ఉంటుంది. దాని మీద మీ చెయ్యి పడేలా చూసుకోండి. చైనాలో మెజారిటీ అయిన హాన్‌లలో అదే అక్షరం తేడాకి ప్రమాదం 1.43 రెట్లు. 1.43, 1.53. అంటే ఆ అక్షరం కజఖ్‌ల సొంత ఆస్తి కాదు. హాన్‌లని కూడా అది దాదాపు అంతే కుడుతుంది. మరి కజఖ్‌లకే ఎక్కువగా ఎందుకు వస్తోందంటే ఆ అక్షరం ఒక్కటీ చెప్పలేదు. పశువుల కాపరుల డేరాల్లో పొద్దున్నుంచీ సాయంత్రం దాకా కాగే ఉప్పు పాల టీ గురించీ, పొగబెట్టి ఎండబెట్టిన మాంసం గురించీ, తాజా కూరగాయలు దొరకని చలికాలాల గురించీ ఎవరో మొదలుపెడతారు. కుర్చీ జరిపి లేచిపోండి.

ఒకటిన్నర పక్కన టీ తాలూకు ఎనిమిదిని పెట్టకండి. రెండూ వేరే దేశాల లెక్కలు, వేరే పద్ధతుల లెక్కలు, కాటాలో పెట్టి తూచకూడదు, నిజమే. కాబట్టి ధర్మంగా చిన్నదాన్ని చెప్పండి, పెద్దదాన్ని మింగేయండి.

ఆ చైనా అధ్యయనంలోనే ఇరవయ్యో క్రోమోజోమ్ మీద ఇంకో జన్యువు బయటపడింది. దాని జోలికి అసలు పోవద్దు. అది రైబోఫ్లేవిన్‌ని, అంటే బీ2 విటమిన్‌ని, కణాల్లోకి చేరవేసే జన్యువు. పాలు, గుడ్లు, ఆకుకూరలు చాలని జనంలో ఈ క్యాన్సర్ ఎక్కువన్న అనుమానం చాలా పాతది. నెపం తీసుకెళ్ళి జన్యువు మీద పెడితే, ఆ జన్యువే తిరిగి వంటింటి వైపు వేలు చూపిస్తోంది. ఇలాంటి ఇంటిదొంగలు జన్యువుల్లో చాలామంది ఉన్నారు, జాగ్రత్త.

ఒకే డబ్బాలో వేసి మూత పెట్టండి

ఆ 1.53 ఎవరిదో ఇంకోసారి చదవండి. ‘ఉయ్‌ఘుర్-కజఖ్’. హాన్‌ల తరఫున మలి విడతలోనే 7,673 మంది రోగులు, ‘ఉయ్‌ఘుర్-కజఖ్’ తరఫున 303 మంది. ఆ 303లో ఇద్దరినీ కలిపేశారు. ఉయ్‌ఘుర్లు ఎక్కువగా ఒయాసిస్సుల దగ్గర స్థిరపడి తోటలూ పొలాలూ చేసుకునేవాళ్ళు. కజఖ్‌లు గుర్రాలతో, గొర్రెలతో పచ్చిక వెంట తిరిగినవాళ్ళు. భాషలు చుట్టాలే గానీ ఒకటి కావు, వంటలు ఒకటి కావు. పరిశోధకులకి దొరికినవాళ్ళే తక్కువ, ఏం చేస్తారు అని మీరు జాలిపడొచ్చు. నేను జాలిపడను, నేర్చుకుంటాను. ఒకప్పుడు ఢిల్లీలో దిగిన ప్రతి తెలుగువాడూ ‘మద్రాసీ’యే. పెసరట్టు తిన్నా మద్రాసీయే, జొన్నరొట్టె తిన్నా మద్రాసీయే. అప్పట్లో మనకి ఒళ్ళు మండేది. ఇప్పుడు మనం వేరేవాళ్ళ గురించి మాట్లాడుతున్నాం కాబట్టి మండక్కర్లేదు.

అమెరికాలోనూ ఇదే డబ్బా. అక్కడ నల్లజాతివాళ్ళకి అన్నవాహిక క్యాన్సర్ ఎక్కువ అని ఎవరైనా చెప్తే తలూపండి. ఏ రకం అని మాత్రం అడగకండి. పొగాకు, మందు, పేదరికం వెంట వచ్చే పొలుసు కణాల క్యాన్సర్ నల్లవాళ్ళలో ఎక్కువ. పుల్లతేన్పులు, ఊబకాయం వెంట వచ్చే గ్రంథి కణాల క్యాన్సర్ తెల్ల మగవాళ్ళలో ఎక్కువ. గొట్టం ఒకటే గానీ జబ్బులు రెండు, జాతుల వరస తలకిందులు. ఇది బయటపడిందంటే ‘ఫలానా జాతి గొంతు బలహీనం’ అనే మన సూత్రం ఏ జాతికీ అంటుకోకుండా జారిపోతుంది.

కోళ్ళ సంగతి ఎత్తకండి

ఈ చిట్కా ఒక్కటీ మర్చిపోయి నేను ఒకసారి నవ్వులపాలయ్యాను కాబట్టి నొక్కి చెప్తున్నాను. చైనాలో హెనాన్ రాష్ట్రంలో తైహాంగ్ కొండల పక్కన లిన్‌షియన్ అని ఒకప్పుడు పిలిచిన ఒక జిల్లా ఉంది. ఈ క్యాన్సర్‌కి అది ప్రపంచంలోనే పేరుమోసిన చోటు. అక్కడుండేది అల్పసంఖ్యాకులు కాదు, సాక్షాత్తూ హాన్‌లే. సరే, హాన్‌లలోనే ఏదో ప్రత్యేకమైన శాఖ అయ్యుంటుందని నేను ఒక భోజనాల బంతిలో వివరిస్తున్నాను. ఎదురుగా కూర్చున్న ఒక పశువుల డాక్టరు గారు, రిటైరయ్యారు పాపం, పెరుగు కలుపుకుంటూ తల ఎత్తకుండానే అడిగారు: “మరి కోళ్ళో?”

లిన్‌షియన్‌లో మనుషులకే కాదు, వాళ్ళ పెరట్లో తిరిగే కోళ్ళకీ గొంతులో, అన్నవాహిక పైభాగంలో క్యాన్సర్ గడ్డలు దొరికాయి. మనుషులకి జబ్బు ఎక్కువున్న చోట కోళ్ళకీ ఎక్కువ. కోడికి హాన్ తాతలెవరు? ఆ నేల మీది గింజ, ఆ ఊరి నీళ్ళు, ఆ ఇంటి ఎంగిలి అని డాక్టరు గారు ఒక్కొక్కటే చెప్తుంటే, బంతిలో అందరూ చేతిలో ఉన్న కోడి ముక్క వైపే చూస్తున్నారు. నేను ఆ రోజు పాన్ కూడా వేసుకోకుండా వచ్చేశాను.

కుటుంబం దొరికితే వదలకండి

“ఆ ఇంట్లో తండ్రికి వచ్చింది, మేనత్తకి వచ్చింది, ఇప్పుడు కొడుక్కి” అని ఎవరైనా అన్నారంటే మీకు పండగే. ఇది కాస్త గట్టి సరుకు కూడా. తుర్క్‌మెన్లలో రోగుల రక్తసంబంధీకులకి మిగతావాళ్ళకంటే ప్రమాదం ఎక్కువని తేలింది. రొమ్ము క్యాన్సర్ వల్ల మనందరం పేరు విన్న బీఆర్‌సీఏ2 జన్యువులో మార్పులు కూడా కొందరు తుర్క్‌మెన్ రోగుల్లో కనబడ్డాయి. జన్యువులు లేవనీ, వాటి పాత్ర ఉత్తిదనీ ఎవరూ అనలేరు. నేనైతే అసలే అనను, నా బతుకుతెరువే అది.

కానీ కోడలి సంగతి అడగనివ్వకండి. ఆ ఇంటి నెత్తురు కాకపోయినా అదే కెటిల్ టీ, అదే పొయ్యి పొగ నలభై ఏళ్ళు పంచుకున్న మనిషి ఆవిడ. కుటుంబం అన్నాక జన్యువులతో పాటు కెటిల్ కూడా వారసత్వంగా వస్తుంది. ఏది ఎంత ఇచ్చిందో విడదీయాలంటే ఓపిక, డబ్బు, వేలమంది మనుషులు కావాలి. విడదీయకుండా చెప్పాలంటే ఒక్క పెళ్ళి భోజనం చాలు.

ఇంకొకటి: పాత అంకెలే వాడండి. లక్షకి వంద అన్నది 1970ల మాట. ఆ తర్వాత ముప్ఫయ్యేళ్ళలో గోలెస్తాన్‌లో అది సగానికంటే తగ్గింది. ముప్ఫయ్యేళ్ళంటే మనవరాలు పుట్టి పెద్దదయ్యేంత కాలం. అంతలో ఒక జాతి జన్యువులు మారిపోవు. మారింది బతుకు. కాబట్టి మీ మాటల్లో అక్కడ ఎప్పుడూ 1972వ సంవత్సరమే నడుస్తూ ఉండాలి.

ముఖం కందగడ్డ అయితే గ్యాస్ మాత్ర వేసుకోండి

ఇప్పటిదాకా జన్యువు లేని చోట జన్యువుని చూపించడం నేర్చుకున్నాం. జన్యువు నిజంగా పట్టపగల్లా కనబడే చోట దాన్ని చూడకుండా ఎలా తప్పించుకోవాలో ఇప్పుడు చెప్తాను. ఇది పై తరగతి పాఠం.

టోక్యోలోనో శాన్‌హోసేలోనో ఉద్యోగం చేసే మన తెలుగు పిల్లలకి ఈ దృశ్యం తెలుసు. ఆఫీసు పార్టీ. పక్కన జపాన్ నుంచో కొరియా నుంచో వచ్చిన సహోద్యోగి. సగం గ్లాసు బీరు తాగాడో లేదో ముఖం, మెడ, చెవులు కందగడ్డలా ఎర్రబడిపోతాయి. గుండె దడ, తలనొప్పి. అతనికి కోపం రాలేదు, బిడియం కాదు. మందు ఒంట్లోకి వెళ్ళాక మొదట ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది. దాన్ని విరిచి పారేసే ఎంజైము ఏఎల్‌డీహెచ్2. ఆ ఎంజైములో 504వ చోట ఉండాల్సిన గ్లుటమేట్‌కి బదులు లైసీన్ వచ్చి కూర్చుంటే పని కుంటుపడుతుంది, విషం పేరుకుంటుంది. తూర్పు ఆసియా జనంలో 36 శాతం మందికి, అంటే 54 కోట్లమందికి, ఇలా ఎర్రబడే లక్షణం ఉందని 2009లో అంచనా వేశారు.

ఈ తేడా తల్లి నుంచీ తండ్రి నుంచీ, ఇద్దరి నుంచీ వచ్చినవాడు చుక్క ముట్టలేడు. ముట్టలేడు కాబట్టి మందు వల్ల వచ్చే అన్నవాహిక క్యాన్సర్ నుంచి బతికిపోతాడు. ఒక్కరి నుంచే వచ్చినవాడు కష్టం మీద అలవాటు చేసుకోగలడు. అలవాటు చేసుకున్నాడా, ఒకే మోతాదు తాగే పక్కవాడికంటే అతని ప్రమాదం ఎన్నో రెట్లు. చెడ్డ జన్యువు రెండుంటే క్షేమం, ఒకటుంటే గండం, గ్లాసు లేకపోతే ఆ గండమూ లేదు. జన్యువు తుపాకీ కాదు, తాళం. తాళంచెవి సీసాలో ఉంది. మీకు ఇది అర్థమైతే వెంటనే మర్చిపోండి.

అప్పుడు ఇచ్చే సలహా ఇది: ఎర్రబడటమే కదా ఇబ్బంది, పార్టీకి ముందు గ్యాస్ మాత్ర ఒకటి వేసుకోమనండి. ఫామోటిడిన్ లాంటి మాత్రలు ఆ ఎరుపుని కాస్త అణిచేస్తాయి, అలా వాడేవాళ్ళు నిజంగానే ఉన్నారు. ఒంట్లో విషం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇంటికి నిప్పంటుకుంటే గంట తీగ కత్తిరించినట్టు. శరీరం ఎర్ర దీపం వెలిగించి ‘చాలు’ అంటే, దీపం పగలగొట్టి ‘ఇంకోటి’ అనడానికి మించిన నాగరికత ఏముంది?

మాత్ర లేకపోయినా పర్వాలేదు, పైఅధికారి చాలు. జపాన్‌లో మద్యానికి బానిసలై చికిత్సకి వచ్చినవాళ్ళలో ఈ తేడా ఒక్కరి నుంచే వచ్చినవాళ్ళు 1979లో 2.5 శాతం. 1986 నాటికి 8 శాతం. 1992 నాటికి 13 శాతం. పదమూడేళ్ళలో జపాన్ వాళ్ళ జన్యువులు ఏమీ మారలేదు. గ్లాసు నింపి “ఊఁ, కానియ్యి” అనే చెయ్యి మారింది. అప్పట్లో ‘వాళ్ళ జీన్స్ వాళ్ళని తాగుడు నుంచి కాపాడతాయి’ అని మనలాంటివాళ్ళం హామీ ఇచ్చి ఉంటాం. మన హామీలకి గ్యారంటీ కార్డు ఉండదు.

మనవాళ్ళకి మాత్రం వేరే సూత్రం వాడండి. ఆ ఏఎల్‌డీహెచ్2 తేడా మన తెలుగువాళ్ళలో చాలా అరుదు. “మనకి ఆ జీన్ లేదురా, తాగు” అనండి. మామూలు ఎంజైము ఉన్నవాడి గొంతుకి కూడా మందు క్యాన్సర్ తెస్తుందన్న మాట నోరు జారకండి. పరాయివాడికి జన్యువు ఉందని శాపం, మనకి లేదని లైసెన్సు.

శ్రీకాకుళం ఊసొస్తే సీలింగ్ ఫ్యాన్ చూడండి

మన దగ్గరా ఇలాంటి పరీక్ష ఒకటి జరిగింది. ఉత్తరాంధ్ర తీరం పల్లెల్లో చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోపల పెట్టుకుని పీల్చే అలవాటు తరాలుగా ఉంది. అడ్డపొగ అంటారు. ఆడవాళ్ళలో మరీ ఎక్కువ. పెదాల మధ్య చుట్ట మొదలు మాత్రమే కనబడుతుంది. రెండు చేతులా పని చేసుకుంటూ, మాట్లాడుతూ, ఉమ్మేస్తూ, గాలికి ఆరనివ్వకుండా గంటల కొద్దీ నడిపిస్తారు. శ్రీకాకుళం ప్రాంతంలో 10,169 మంది గ్రామస్తుల నోళ్ళు తెరిచి చూసిన అధ్యయనం 1971లో అచ్చయింది. అంగిట్లో, సరిగ్గా నిప్పు సెగ తగిలే చోట, మచ్చలూ పుళ్ళూ. అంగిలి క్యాన్సర్ ప్రపంచంలో అంతగా కనబడని జబ్బు, ఇక్కడ కనబడింది.

అప్పుడు ఎవరైనా వచ్చి ‘ఆ పల్లెకారుల అంగిట్లోనే ఏదో జాతి లోపం’ అని ఉంటే మనకి ఎలా ఉండేది? అదృష్టం, చుట్ట కంటికి కనబడింది. ఫిలిప్పీన్స్‌లో, కొలంబియాలో కూడా కొన్నిచోట్ల ఆడవాళ్ళు ఇలాగే అడ్డపొగ తాగుతారు, వాళ్ళకీ మనకీ ఏ నెత్తురు చుట్టరికమూ లేదు. అదే నిప్పు చుట్టలో కాకుండా టీలో కరిగి ఉంటే, తాగేది మన పిన్నమ్మ కాకుండా గోన్‌బద్ దగ్గర ఒక తుర్క్‌మెన్ ముసలమ్మ అయితే, జాతి లోపం అనడం ఎంత తేలికో చూడండి.

ముద్ద దిగకపోతే

ఇది మీ దగ్గర సలహా తీసుకునేవాళ్ళకి ఇవ్వాల్సింది. జొన్నరొట్టె ముక్క గొంతు కింద ఎక్కడో ఆగినట్టుంటే నీళ్ళు తాగమనండి. వారం తర్వాత అన్నం ముద్ద ఆగితే మెత్తగా పిసుక్కుని తినమనండి. మెతుకు దిగకపోతే జావ. జావ దిగకపోతే పాలు. మధ్యలో ఎవరైనా పరీక్ష అంటే గ్యాస్ ట్రబుల్ అని, ఇందాకటి మాత్రే మళ్ళీ ఇవ్వండి. అన్నవాహిక సాగే గొట్టం. గడ్డ దారిని చాలా మటుకు మూసేదాకా మనిషికి తెలియనివ్వదు. మీరు ఈ మెట్లన్నీ శ్రద్ధగా దిగించేసరికి ఒక్కో మెట్టుకీ నెలలు గడిచిపోతాయి, చాలామంది ఆస్పత్రికి ఆ చివరి మెట్టు మీదే వస్తారు. వచ్చాక డాక్టరు ఎండోస్కోపీ గొట్టం తీసి పక్కన పెడుతూ ఇంత ఆలస్యం ఎందుకయిందని అడుగుతాడు. జవాబు మీ దగ్గర ఉంది కదా, ఒక్క మాటలో అయిపోతుంది.

చివరగా, మీరు ఎప్పుడైనా గోలెస్తాన్ వైపు నిజంగా వెళ్ళారనుకోండి. ఎవరింటి గుమ్మంలోనో కూర్చుని రక్తం చుక్క తీసుకుని సీసాలో భద్రం చేసుకున్నాక, ఆ ఇంటి పెద్దావిడ మీకూ ఒక కప్పు టీ పోస్తుంది. మర్యాద కాబట్టి కాదనకూడదు. కప్పు పట్టుకుంటే వేళ్ళు కాలతాయి, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ ఉంటారు. ఆవిడ మాత్రం రెండో గుక్కలో ఉంటుంది. చల్లారేదాకా ఆగారో, ఎందుకు ఆగారని ఆవిడ అడుగుతుంది, మీరు చెప్పాల్సి వస్తుంది. ఆగకండి. గబగబా తాగేసి, సీసా జేబులో వేసుకుని లేవండి. థర్మామీటర్ మాత్రం సంచిలోంచి తియ్యకండి.